కాలిన చర్మం – కొంచెం లెక్క
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద చదువు గురించో, స్కాలర్‌షిప్పుల గురించో నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలుస్తూ ఉంటారు. ఈసారి కార్యదర్శి గారిని బ్రతిమాలి మేమే విషయం మార్చుకొన్నాము. కాలిన గాయాల గురించి చెప్పదలచుకొన్నాము. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకొనే మాస్టారుకు ఇదేమిటి, ఇది డాక్టర్ల పని కదా అని మీకు తోచవచ్చును. నిజమే. వైద్యం మాకు తెలియదు. అయితే వేడి చర్మంలోకి ఎట్లా దిగుతుందో, ఎంతసేపు ఉంటుందో, ఎక్కడిదాకా పోతుందో చెప్పేది లెక్క. ఆ లెక్క మా బడి నల్లబల్ల మీద, అయిదో తరగతి పిల్లవాడికి వచ్చిన సగటుతోనే చేయవచ్చును. అది ముందుగా మాకు తెలిసి ఉంటే మా ఇంట్లో ఒక బిడ్డ చెయ్యి ఇప్పుడున్నట్లు ఉండేది కాదేమో. అందుకే ఈ ప్రసంగం.

2016 సంవత్సరం, రంజాన్ నెల. సహ్రీ వేళ ఇంట్లో అందరమూ హడావుడిగా ఉన్నాము. అప్పుడే వడబోసిన చాయ్ గిన్నె దస్తర్‌ఖాన్ అంచున పెట్టి ఉంది. మూడేళ్ళ మా అమ్మాయి నిద్ర కళ్ళతో వచ్చి, దస్తర్‌ఖాన్ గుడ్డ పట్టుకొని లాగింది. చాయ్ అంతా ఎడమ చేతి మీద, పొడుగు చేతుల చొక్కా మీద పడింది. చొక్కా విప్పేసరికి నాలుగైదు సెకన్లు పట్టింది. తరువాత ఏం చేశాము? మా అత్తగారు "పేస్టు తీసుకురండి బేటా" అన్నారు. బి.ఎస్సీ., బి.ఎడ్. చదివిన మేము పరుగెత్తి పళ్ళపేస్టు తెచ్చి, చెయ్యంతా పూసి, పైన తువాలు చుట్టి, ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాము. కుళాయి పది అడుగుల దూరంలో ఉంది. అది మాకు కనిపించలేదు.

ప్రాణభయం లేకుండా బయటపడింది, అల్‌హమ్దులిల్లాహ్. కాని మణికట్టు నుంచి మోచేతిదాకా మచ్చ మిగిలింది. ఇప్పుడు ఏడో తరగతి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతులే వేసుకొంటుంది. మొన్న ఆ పిల్ల మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది: "అబ్బా, చాయ్ తుడిచేశారు కదా. తుడిచేశాక కూడా కాలుతుందా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ జవాబే ఇక్కడ మనవి చేస్తున్నాము.

ముందు చర్మం సంగతి. మన చర్మం ఒక్క పొర కాదు. పరోటా పొరల్లాగా అనుకోండి. పైన ఉన్నది బాహ్యచర్మం. అరచేతులు, అరికాళ్ళు వదిలేస్తే చాలా చోట్ల అది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాని క్రింద అంతశ్చర్మం, ఒకటి రెండు మిల్లీమీటర్లు. రక్తనాళాలు, నరాలు, వెంట్రుకల కుదుళ్ళు, చెమట గ్రంథులు అన్నీ ఇందులోనే ఉంటాయి. దాని క్రింద కొవ్వు. పై పొర కాలిపోయినా, అంతశ్చర్మంలోని కుదుళ్ళలో బ్రతికి ఉన్న కణాల నుంచి కొత్త చర్మం మొలుచుకొని వస్తుంది. ఆ కుదుళ్ళు కూడా చచ్చిపోతే మొలవడానికి విత్తనమే ఉండదు. అప్పుడు మచ్చ పడుతుంది, లేదా ఇంకో చోట నుంచి చర్మం తీసి అతకవలసి వస్తుంది. అనగా, బిడ్డ చెయ్యి బాగుపడుతుందా లేదా అన్నది ఒక మిల్లీమీటరు లోతులో తేలే సంగతి. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇక వేడి సంగతి. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఫూరియే 1822లో వేడిని గురించి ఒక గ్రంథం అచ్చు వేయించాడు. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి, పక్కవాడి నుంచి పక్కవాడికి నడుస్తుందని, ఆ నడక ఎంత వేగమో చెప్పే సమీకరణాన్ని ఆయన ఇచ్చాడు. ఆ సమీకరణం కాలేజీ చదువుకు చెందినది. అయితే దానిని చిన్న చిన్న ముక్కలు చేసుకొంటే ఎవరైనా చేయవచ్చును. కంప్యూటర్లు ఈనాడు చేస్తున్నది కూడా ఈ ముక్కల లెక్కే. వాటి ముక్కలు చాలా సన్ననివి, వాటి చెయ్యి చాలా వేగం, అంతే తేడా.

మేము మా పదో తరగతి పిల్లలతో చేయించిన పద్ధతి ఇది. నల్లబల్ల మీద చర్మాన్ని నిలువుగా గీసి, అర మిల్లీమీటరుకు ఒక గీత పెట్టాము. మొదటి గీత చర్మం పైభాగం. తరువాతది అర మిల్లీమీటరు లోతు, ఆ తరువాతది ఒక మిల్లీమీటరు, ఇట్లా లోపలికి. సూత్రం ఒక్కటే: ఒక సెకను గడిచాక ఏ గీత దగ్గరైనా ఉండే వేడి, అంతకు ముందు సెకనులో దాని పైనున్న గీతకు, క్రిందనున్న గీతకు ఉన్న వేడిల సగటు. ఉర్దూలో ఔసత్ అంటాము. రెండు అంకెలు కలిపి సగం చేయటం, అంతే.

అర మిల్లీమీటరుకు ఒక సెకను అని మేము మా ఇష్టం వచ్చినట్లు పెట్టుకోలేదు. చర్మంలో వేడి వ్యాపించే వేగానికి శాస్త్రజ్ఞులు కొలిచిన విలువలు ఉన్నవి. వాటిని బట్టి అర మిల్లీమీటరు ఎడానికి సుమారు ఒక సెకను సరిపోతుంది. ఒక కుర్రవాడు తొందరపడి, గీతలు అట్లాగే ఉంచి రెండు సెకన్లకు ఒక అడుగు చొప్పున సూత్రం మార్చి వేశాడు. మూడో అడుగుకే చర్మం లోపల 114 డిగ్రీలు వచ్చింది. పోసిన చాయ్ 74 డిగ్రీలే! తరగతి అంతా నవ్వింది. నవ్వినా మంచి పాఠమే నేర్చుకొన్నారు. అడుగు పెద్దదైతే లెక్క పిచ్చిదవుతుంది. పెద్ద పెద్ద కంప్యూటర్ల దగ్గర కూర్చున్న వారికి కూడా ఈ జాగ్రత్త తప్పదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాము. చర్మం మొదట అంతటా 34 డిగ్రీలు అనుకొన్నాము. 74 డిగ్రీల చాయ్ తడిసిన బట్టతో సహా నాలుగు సెకన్లు అంటిపెట్టుకొని ఉందనుకొన్నాము. సగటులు కడుతూ పోతే నాలుగో సెకనుకు అర మిల్లీమీటరు లోతున 59, ఒక మిల్లీమీటరు లోతున 49, ఒకటిన్నర దగ్గర 39 డిగ్రీలు వచ్చినవి.

సరిగ్గా అప్పుడు బట్ట తీసేశాము. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలింది. నల్లబల్లను కూడా రెండు భాగాలు చేశాము.

ఎడమ వైపు మేము 2016లో చేసిన పని: పైన పేస్టు, దాని మీద తువాలు. అనగా వేడి బయటికి పోయే తలుపు మూసినట్లు లెక్క. ఒక మిల్లీమీటరు లోతున నాలుగో సెకను నుంచి వరుసగా వచ్చిన అంకెలు:

49, 49, 52, 48, 51.

కుడి వైపు మేము చేయని పని: 24 డిగ్రీల నీళ్ళ ధార ఆగకుండా పడుతున్నట్లు లెక్క. అదే లోతున, అవే సెకన్లలో:

49, 49, 40, 40, 36.

అంకెలు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నవి, అది మా గీతలు మోటువి కావడం వలన. గీతలు సన్నగా, దగ్గరగా వేస్తే అవి నున్నబడతాయి. అయినా సంగతి స్పష్టమే. ఎడమ వైపు చాయ్ పోయిన రెండు సెకన్లకు లోపలి వేడి మూడు డిగ్రీలు పెరిగింది. పై పొరలలో చిక్కుకొన్న వేడికి బయటికి దారి లేదు, అందుచేత లోపలికి దిగింది. కుడి వైపు మొదటి సెకను ఏమీ తేడా లేదు, ఎందుచేతనంటే చల్లదనం దిగడానికి కూడా సమయం కావాలి. ఆ తరువాత మాత్రం దబ్బున పడిపోయింది.

ఇదే మా అమ్మాయి ప్రశ్నకు జవాబు. అవును బేటా, తుడిచేశాక కూడా కాలుతుంది.

మూడు డిగ్రీలేగా, దానికి ఇంత చెప్పాలా అని మీరు అనవచ్చును. ఇక్కడ ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞుల సంగతి చెప్పాలి. మోరిట్జ్, హెన్రిక్వెజ్ అనేవారు 1947లో కాలిన గాయాల మీద తమ పరిశోధనలను ప్రకటించారు. పంది చర్మం నిర్మాణంలో మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుంది గనుక ప్రయోగాలు ఎక్కువగా దాని మీద చేశారు. కొన్ని, ఒప్పుకొని ముందుకు వచ్చిన మనుష్యుల మీద చేశారు. వారు తేల్చినదేమంటే, చర్మం 44 డిగ్రీల దగ్గర ఉంటే పాడు కావడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. అక్కడి నుంచి 51 డిగ్రీల దాకా ఒక్కొక్క డిగ్రీ పెరిగినప్పుడల్లా నష్టం వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. 70 దాటితే ఒక్క సెకను కూడా అక్కరలేదు.

రెట్టింపు అంటే ఏమిటో వ్యాపారం చేసే మీకు మేము చెప్పనక్కరలేదు. ఒక డిగ్రీకి రెండింతలు, రెండు డిగ్రీలకు నాలుగింతలు, మూడు డిగ్రీలకు ఎనిమిదింతలు. కావున 49 నుంచి 52కు పోవటమంటే నష్టం ఎనిమిది రెట్ల వేగంతో జరగటం. పేస్టు పూసిన చేతిలో, ఒక మిల్లీమీటరు లోతున, ఆ కుదుళ్ళ దగ్గర జరిగింది అదే. నీళ్ళు పోసిన చేతిలో అయితే 44 కంటే క్రిందికి వచ్చేసింది, నష్టం దాదాపు ఆగిపోయింది.

హెన్రిక్వెజ్ దీనిని ఒక ఖాతా పుస్తకంలాగా చేశాడు. ప్రతి క్షణమూ ఆనాటి వేడిని బట్టి కొంత నష్టం ఖాతాలో జమ అవుతుంది. రసాయన చర్యల వేగానికి స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ పేరుతో ఉన్న సూత్రమే ఇక్కడ కూడా వాడాడు. బాహ్యచర్మం అడుగున ఆ మొత్తం ఒకటికి చేరితే బొబ్బలెక్కే రెండో తరగతి గాయం. అంతకు సగం దాటితే ఎర్రబడే మొదటి తరగతి గాయం. ఈ ఖాతాలో ఒక విశేషం ఉంది. దీనిలో జమ ఉంటుంది గాని ఖర్చు ఉండదు. వేడి తగ్గితే జమ ఆగుతుందే తప్ప, పడినది వెనక్కు రాదు. అందుకే ప్రతి సెకనుకూ విలువ ఉన్నది.

మరుసటి సంవత్సరం 1948లో పెన్నెస్ అనే వైద్యుడు ఇంకో సంగతి కలిపాడు. మన చర్మం క్రింద రక్తం పారుతోంది కదా. అది కూడా వేడిని మోసుకొని పోతుంది, తెస్తుంది. మనుష్యుల ముంజేతులలో సన్నని తీగలు గుచ్చి వేడి కొలిచి, ఫూరియే సమీకరణానికి రక్తం వాటాను కలిపాడు. ఇవాళ శరీరంలో వేడిని గురించి లెక్క కట్టేవారు చాలావరకు ఈ పెన్నెస్ సమీకరణంతోనే మొదలు పెడతారు. మా నల్లబల్ల లెక్కలో రక్తాన్ని వదిలేశాము. నాలుగైదు సెకన్లలో దాని ప్రభావం తక్కువ. నిమిషాల లెక్క అయితే వదలకూడదు.

మా లెక్కలో ఇంకా లోపాలున్నవి. చర్మమంతా ఒకటే రకం అనుకొన్నాము. నిజానికి కొవ్వులో వేడి నెమ్మదిగా నడుస్తుంది. చాయ్ నాలుగు సెకన్లూ చల్లారకుండా 74లోనే ఉన్నదనుకొన్నాము. అది కూడా నిజం కాదు. కావున ఈ అంకెలు చూసి ఎవరి గాయాన్నీ కొలవకండి, అది డాక్టరు గారే చూడాలి. కాని వేడి ఏ వైపు నడుస్తుందో, నీళ్ళు ఏమి చేస్తాయో తెలుసుకోవటానికి ఈ లెక్క చాలును.

మంటల్లోకి దిగే ఫైర్‌మెన్ దుస్తులు పరీక్షించేందుకు నూరుకు పైగా వేడి కొలిచే పరికరాలు అమర్చిన బొమ్మ మనిషికి ఆ దుస్తులు తొడిగి మంటల్లో నిలబెడతారు. ఆ పరికరాలు చెప్పిన వేడిని ఇటువంటి లెక్కలో వేసి, లోపల మనిషి ఉంటే ఎంత చర్మం కాలి ఉండేదో చెబుతారు. ఆ విధంగా మనిషిని కాల్చకుండానే మనిషిని కాపాడే బట్ట తయారవుతుంది. ఇంకొకటి స్నానాల నీళ్ళ సంగతి. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవారి చర్మాన్ని సుమారు అయిదు సెకన్లలో లోతుగా కాల్చగలవు. 49 డిగ్రీలైతే నిమిషాలు పడుతుంది, చెయ్యి తీసుకొనే వ్యవధి ఉంటుంది. 1983లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం కొత్త గీజర్లను 49 డిగ్రీల దగ్గర సర్ది అమ్మాలని చట్టం చేసింది. తరువాత ఆ రాష్ట్రంలో కుళాయి వేడినీళ్ళతో కాలి ఆసుపత్రికి వచ్చే పిల్లల సంఖ్య తగ్గింది. ఒక అంకె చట్టంలోకి ఎక్కితే ఎందరు బిడ్డలకు మేలో చూడండి.

మన దేశం మాట? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం భారతదేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో, తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారు. ఆడవారు, పిల్లలు, వంట దగ్గర ఉండేవారు వీరిలో ఎందరో. పిల్లల చర్మం మనకంటే పల్చన. మా నల్లబల్ల మీద ఒక గీత చెరిపేసి చూడండి, అదే చాయ్ ఇంకా ముందే కుదుళ్ళకు చేరుతుంది.

ఇక చేయవలసిన పనులు. డాక్టర్లను అడిగి, సరి చూసుకొని చెబుతున్నాము.

కాలిన వెంటనే నీళ్ళు. ధారగా పారే నీళ్ళు, ఇరవై నిమిషాలు, గడియారం చూసి. మా లెక్క ప్రకారం లోపలి వేడి నిమిషంలోపే దిగిపోతుంది, మరి ఇరవై ఎందుకు అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. నీళ్ళ మేలు వేడి తీయటంతో ఆగదు, నొప్పి, వాపు కూడా తగ్గుతాయని, గాయం మానటంలో తేడా కనబడుతుందని వైద్యులు చెబుతారు. అది లెక్క దాటిన సంగతి, వారి మాటే మనకు ప్రమాణం. ఆలస్యమైనా మూడు గంటల లోపల నీళ్ళు పోయటం వలన ప్రయోజనం ఉంటుందని కూడా చెబుతారు.

మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు. ముందు మీ చేతి మీద పోసుకొని చూడండి. వేడిగా ఉంటే కుండలో నీళ్ళు చెంబుతో పోయండి. ఐసు ముక్కలు పెట్టవద్దు, అది ఇంకో రకం గాయం చేస్తుంది. పేస్టు, సిరా, పసుపు, నూనె, గుడ్డు తెల్లసొన ఏదీ పూయవద్దు. గాజులు, ఉంగరాలు, బిగుతు బట్టలు వాపు రాకముందే తీసేయండి. చర్మానికి అతుక్కొన్న బట్టను మాత్రం లాగవద్దు. తరువాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకుపోండి. పెద్ద గాయమైతే 108కు ఫోను చేయండి, అది వచ్చేలోపు నీళ్ళు పోస్తూ ఉండండి. పెద్ద గాయమైన పసిబిడ్డ ఒళ్ళంతా చల్లబడిపోకుండా మిగతా ఒంటిని దుప్పటితో కప్పండి. స్నానానికి బకెట్లో ముందు చన్నీళ్ళు, తరువాత వేడినీళ్ళు పోయండి. దస్తర్‌ఖాన్ అంచున వేడి గిన్నె పెట్టకండి.

సంఘానికి ఒక విన్నపం. మన పెళ్ళిళ్ళకు, దావత్‌లకు, ఇఫ్తార్ విందులకు పెద్ద పెద్ద దేగ్‌లు ఎక్కిస్తాము. వాటి దగ్గర పదిహేను పదహారేళ్ళ కుర్రవాళ్ళు పని చేస్తుంటారు. ఇక నుంచి సంఘం జరిపే ప్రతి విందులోను పొయ్యి దగ్గర ఒక డ్రమ్ము నిండా చల్లని నీళ్ళు, ఒక మగ్గు, వంటకు కాదు, కేవలం దీనికోసమే పెట్టాలి. దాని మీద "ఇరవై నిమిషాలు" అని ఉర్దూలోను, తెలుగులోను వ్రాయాలి. వ్రాసే పని మా పిల్లలు చేస్తారు. డ్రమ్ము ఖర్చు ఎంత అవుతుంది? ఒక దేగ్ బిర్యానీలో నాలుగో వంతు కూడా కాదు.

ఆఖరుగా ఒక్క మాట. ఈ లెక్క ఇంట్లో వేసి చూపినప్పుడు మా అమ్మాయి తానే సుద్దముక్క తీసుకొని ఎడమ వరుస, కుడి వరుస రెండూ మళ్ళీ కట్టింది. మేము తప్పు చేశామేమోనని సరిచూసినట్లున్నది. అంకెలు అవే వచ్చాయి. కొంతసేపు ఊరుకొని, "అబ్బా, నానీకి చెప్పవద్దు, బాధపడుతుంది" అన్నది.

మేము చెప్పాము. పేస్టు అన్నది ఆవిడ, పూసినది మా చేతులు. తెలియని ఆవిడకంటే, తెలుసుకోగలిగి తెలుసుకోని మాదే పెద్ద తప్పని కూడా చెప్పాము. ఆవిడ చాలాసేపు మనవరాలి చెయ్యి తడుముతూ కూర్చొని, "సభలో చెప్పండి. నా మాట కూడా చెప్పండి. పేస్టు అనే నానీలు ఇంకా ఉన్నారు" అన్నారు. ఆవిడ అనుమతితోనే ఇదంతా మీ ముందు పెట్టాము. తెర అవతల కూర్చొనే ఉన్నారు.

ఇంటికి పోయాక మీ వంటింటికీ కుళాయికీ ఎన్ని అడుగుల దూరమో ఒక్కసారి లెక్క పెట్టండి. మా ఇంట్లో పది అడుగులు. వస్సలాం.